మానిన గాయము, ఆగని తలతిరుగుడు

ఇల్లందు పరిసరములలో మనిషి తలకు దెబ్బ తగులుటకు మార్గములు పెక్కు గలవు. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఈ ప్రాంతమున బొగ్గును గుర్తించిన తరువాత, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులను సంపాదించి 1889లో ఇచ్చట పని ప్రారంభించిన నాటినుండియు, ఆ కంపెనీ ఆస్తులను చేకొని 1920 డిసెంబరు 23న సమీపగ్రామమైన సింగరేణి పేరుతో సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించిన పిమ్మటను, ఎన్నో తరములవారు తట్టా చెమ్మస్ చేతబట్టి భూగర్భములోనికి దిగి, ఏ క్షణమున ఊడిపడునో తెలియని బండక్రింద తమ యౌవనమును వెచ్చించిరి. నేడు ఇల్లందు ఏరియాలో త్రవ్వకము ప్రధానముగా ఓపెన్‌కాస్టులలోనే సాగుచున్నది. బండ పడు భయము తగ్గినది గాని, బొగ్గు లారీలు తిరుగు కొత్తగూడెము దారిమీదను, గుండాల వైపు అడవి నడుమనుండి పోవు ఇరుకు దారులమీదను మోటారుసైకిలు జారి తల పగులగొట్టుకొన్నవారి సంగతి ఊరిలో ఎవరిని అడిగినను చెప్పుదురు. మోకు జారి తాటిచెట్టుమీదినుండి పడిన గీతకార్మికుడు, చింతపండు కాలమున చెట్టెక్కి కొమ్మలు దులుపుచు పట్టు తప్పిన కోయ యువకుడు, మిద్దె మెట్లమీద కాలు జారిన వృద్ధురాలు, వీరందరును ఒకే ఆసుపత్రి మంచమునకు చేరుదురు. మన దేశమున మెదడుకు తగులు దెబ్బలలో సుమారు 60 శాతము రహదారి ప్రమాదముల వలనను, 20 నుండి 25 శాతము పడిపోవుట వలనను కలుగుచున్నవని బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ పరిశీలకులు లెక్క కట్టియున్నారు.

వీరిలో ప్రాణము దక్కినవారిని గూర్చియే ఈ వ్యాసము. కుట్లు విప్పినారు, స్కానింగులో రక్తపు గడ్డ లేదన్నారు, ఇంటికి పంపినారు. నాలుగు దినములు గడిచినవి. ఒక తెల్లవారుజామున ఆ మనిషి పడకలో కుడిప్రక్కకు ఒత్తిగిలగానే, పైకప్పు గిర్రున తిరిగి, మంచము క్రిందికి క్రుంగిపోయినట్లయి, కడుపులో త్రిప్పి వాంతి వచ్చును. అరనిమిషములో అంతయు సర్దుకొనును. మరల ఒత్తిగిలిన మరల అదే బాధ. గూటిలోని డబ్బా తీయుటకు తల పైకెత్తినను, చెప్పు తొడుగుకొనుటకు వంగినను లోకము చలించును. పైత్యమని ఇంటివారు నిమ్మరసము ఇత్తురు. దిష్టి యని ఎండుమిరపకాయలు త్రిప్పివేయుదురు. స్కానింగు చీటీని మరల చూచి, ఏమియు లేదు గదా, భయపడుచున్నావని ఓదార్చుదురు. వారి ప్రేమలో లోపము లేదు. కాని ఆ బాధకు కారణము కలదు, అనేకులలో దానికి కొద్ది నిమిషములలో ముగియు చికిత్సయు కలదు. ఈ రెండు సంగతులును ఇంటింటికి తెలియకుండుటయే నన్ను మిక్కిలి కలతపెట్టు విషయము.

మనము నిలబడుట మన పాదముల పని యనుకొందుము. నిజమునకు అది మూడు సాక్ష్యములను కలిపి మెదడు క్షణక్షణము చేయు నిర్ణయము. కన్నులు చూచు దృశ్యము ఒక సాక్ష్యము. పాదములు, మడమలు, మోకాళ్లు, మెడకండరములు పంపు స్పర్శవార్త రెండవది. మూడవది లోచెవిలో నున్నది. చెవి వెనుక తలపుర్రెలో, శరీరములోకెల్ల మిక్కిలి గట్టివైన ఎముకలలో ఒకటిగా ఎన్నదగిన భాగములో, వినికిడికి సాధనమైన కర్ణావర్తమును ఆనుకొని మూడు అర్ధవర్తుల కుల్యలు గలవు. ఇవి మూడును ఒకదానికొకటి ఇంచుమించు లంబముగా అమరియుండుటచే, తల ఎటు తిరిగినను ఏదో ఒక కుల్య దానిని పసికట్టక తప్పదు. కుల్యలో ఒక ద్రవము, దాని దారికి అడ్డముగా జిగురువంటి పలుచని తెర, ఆ తెరలోనికి చొచ్చుకొనిన రోమకణములు ఉండును. నీటితో నిండిన కడవను చటుక్కున త్రిప్పినప్పుడు కడవ తిరుగును గాని లోని నీరు వెంటనే తిరుగదు. అట్లే తల తిరిగిన క్షణమున కుల్యలోని ద్రవము వెనుకబడి తెరను వంచును, రోమములు వంగును, నాడి వెంట వార్త పోవును. తల కదలకున్నను ఆ నాడి ఊరకుండదు. రెండు చెవులనుండియు సెకనుకు ఇంచుమించు నూరు స్పందనలు సమానముగా మెదడుకు పోవుచునే యుండును. తల కుడికి తిరిగిన కుడిచెవి స్పందనలు పెరుగును, ఎడమచెవివి తరుగును. ఆ వ్యత్యాసమే మెదడుకు తెలియు చలనము. ఇందులో గమనింపవలసినది ఒకటి గలదు. దెబ్బవలన ఒక చెవి మూగవోయిన, మనిషి కదలక పండుకొనియున్నను వ్యత్యాసము ఏర్పడును, తాను తిరుగుచున్నానని మెదడు నమ్మును. రోగి అబద్ధమాడుట లేదు. అతని నాడులే అతనికి అట్లు నివేదించుచున్నవి.

ఆ వార్త తొలుత చేరునది కన్నులకే. తల కుడికి కదలిన కన్నులు ఎడమకు అంతే వేగముతో మరలును; ఇందుకు పట్టు కాలము సెకనులో నూరవ వంతుకంటె అధికము కాదు. ఈ ప్రతిక్రియ సరిగా ఉన్నందుననే గతుకుల దారిలో బస్సులో కూర్చుండియు మైలురాయిమీది అక్షరములను చదువగలుగుచున్నాము. దెబ్బతో ఇది మందగించినవానికి నడచునప్పుడు ఎదుటి ముఖములు ఊగుచున్నట్లు కనబడును. పలుకరించినవారు ఎవరో పోల్చుకొనుటకు అతడు ఆగి నిలువవలసి వచ్చును.

కుల్యల మొదట రెండు చిన్న తిత్తులు గలవు. మన పాఠ్యగ్రంథములు వీనిని పేటిక, పుటిక యనును. తల వంపును, ముందువెనుకల చలనమును, భూమ్యాకర్షణ దిక్కును ఇవి గ్రహించును. గ్రహించుటకు వీనిలో ఒక జిగురుపొరమీద వేలకొలది సూక్ష్మమైన రాతి రేణువులు పరచబడియుండును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు. అవి దేనితో చేయబడినవో తెలిసినప్పుడు సింగరేణి ప్రాంతమువాడు ఆశ్చర్యపడక మానడు. భూగర్భ గనులలో బొగ్గుదుమ్ము అంటుకొని ప్రేలకుండుటకై గోడలమీదను కప్పుమీదను చల్లు తెల్లని సున్నపురాతి పొడి ఏ పదార్థమో, ఈ రేణువులును ఆ పదార్థమే: కాల్షియం కార్బొనేట్. చుట్టునున్న ద్రవముకంటె రెండింతలకు పైగా బరువైనవి గనుక తల వంచినప్పుడు ఇవి జారబోవును, వానిక్రింది రోమములు వంగును, ఏది క్రిందో ఏది పైనో మెదడుకు తెలియును.

తలకు గట్టిదెబ్బ తగిలినప్పుడు ఈ రేణువులలో కొన్ని జిగురుపొరనుండి ఊడి, పేటికను విడిచి కుల్యలోనికి జారును. వానికి అది స్థానము కాదు. పండుకొన్నప్పుడు అవి బరువుచే దొర్లుచు, ద్రవమును తమతో లాగి, తెరను వంచును. తల నిలిచిపోయినను తెర వంగియేయుండును గనుక లోకము తిరుగుచున్నట్లే తోచును. రేణువులు అడుగున చేరి నిలిచినంతనే బాధ శమించును. అందుచేతనే అది అరనిమిషముపాటే ఉండుట, ఒక ప్రక్కకు తిరిగినప్పుడే వచ్చుట. పండుకొన్న స్థితిలో మూడు కుల్యలలోకెల్ల వెనుకటి కుల్య ముఖము రేణువులు జారుటకు అనువుగా ఉండుటచే నూటికి అధికభాగము అందులోనే చిక్కుకొనును. వయస్సు మీరినవారికి ఈ జబ్బు దెబ్బ లేకయే వచ్చును. దెబ్బవలన వచ్చినప్పుడు మాత్రము రెండు చెవులలోను, ఒకటికంటె ఎక్కువ కుల్యలలోను కనబడుట, నయమై మరల వచ్చుట తరచు. సాధారణ సి.టి. స్కానింగు ఎముక పగులును, రక్తమును చూపును. ఇంతటి సూక్ష్మరేణువును అది చూపజాలదు. కాబట్టి స్కానింగులో ఏమియు లేదనుమాటకు, తలలో ప్రాణాపాయకరమైన రక్తస్రావము లేదని మాత్రమే అర్థము చెప్పుకొనవలెను.

ఈ జ్ఞానము మనుష్యులకు సులభముగా లభింపలేదు. 1820ల నుండి పావురముల అర్ధవర్తుల కుల్యలను కోసి చూచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్లూరాన్స్, ఏ కుల్యను కోసిన ఆ కుల్య ఉన్న తలములోనే పక్షి తల ఊగుటను గమనించెను. అయినను తలతిరుగుడు మెదడులో రక్తము పొంగుటచే వచ్చునని వైద్యులు నమ్ముచుండగా, 1861లో పారిస్‌లోని బధిరుల విద్యాలయ వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్ దానికి మూలము చెవియందుండ వచ్చునని వాదించెను. వియన్నాలో రాబర్ట్ బారనీ అను యువవైద్యుడు రోగుల చెవులను కడుగుచు, నీరు చల్లనిదైనప్పుడు కన్నులు ఒకవైపునకు, వెచ్చనిదైనప్పుడు రెండవవైపునకు ఉలికి కదలుటను చూచి, ఆ చిన్న పరిశీలననుండి లోచెవి ధర్మమును నిరూపించెను. 1914వ సంవత్సరపు నోబెల్ బహుమతి వార్త ఆయనకు చేరినప్పుడు ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉండెను. స్వీడన్ రాజకుమారుడు కార్ల్ కలుగజేసికొన్న పిమ్మట 1916లో విడుదలయ్యెను. ప్రక్క మార్చినప్పుడు వచ్చు తలతిరుగుడును 1921లో విపులముగా వర్ణించినవాడును ఆయనయే. 1952లో లండన్ వైద్యులు మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ దానిని పట్టుకొను పరీక్షను స్థిరపరచిరి. మందు మాత్రము దొరకలేదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర వైద్యుడు జాన్ ఎప్లీ, రేణువులు దారి తప్పి లోపలికి పోయినచో తలను తగిన క్రమములో త్రిప్పి వెనుకకు రప్పింపవచ్చును గదా యని తలచి 1980లో తన పద్ధతిని తోడివైద్యులకు చూపగా, వారిలో పెక్కురు నమ్మలేదు, కొందరు అవహేళన చేసిరి. 1992లో గాని అది ప్రముఖ పత్రికలో వెలువడలేదు. ఇప్పుడు ప్రపంచమంతట అదే పద్ధతి.

డిక్స్, హాల్‌పైక్‌ల పరీక్షను దగ్గరనుండి చూచినవారికి అది మరపునకు రాదు. రోగిని మంచముమీద కాళ్లు చాచి కూర్చుండబెట్టి, తలను కుడివైపునకు సగము త్రిప్పి, భుజములను పట్టుకొని వెనుకకు వాల్చి, తల మంచపు అంచునకు కొంచెము క్రిందుగా వ్రేలాడునట్లు ఉంచుదురు. కన్నులు మూయవద్దని చెప్పుదురు. రెండు మూడు క్షణములు ఏమియు జరుగదు. పిదప కనుగ్రుడ్లు, రోగి ఇచ్ఛతో నిమిత్తము లేక, నేలవైపునకున్న చెవి దిక్కుగా చక్రమువలె మెలిదిరుగుచు పైకి ఎగిరెగిరి పడును. రోగి మంచపుకోళ్లను పట్టుకొని కేకవేయును. ఆ కంటిమెలిక ఇరువది ముప్పది క్షణములలో పలచబడి ఆగును. లేచి కూర్చున్నప్పుడు మరల కొంచెము, ఈసారి ఎదురుదిక్కునకు. ఇట్టి చలనమును ఎవ్వరును నటింపజాలరు. వేషము వేయుచున్నాడని అనుమానించు అధికారి ఒక్కమారు ఆ కన్నులను చూచిన చాలును.

దోషము కుడిచెవిలోనిదని తేలినచో చికిత్స అక్కడనుండియే మొదలగును. వ్రేలాడుచున్న తలను ఆ స్థితిలోనే అరనిమిషమో నిమిషమో ఉంచి, మెల్లగా ఎడమవైపునకు త్రిప్పి, మరల ఆగి, తరువాత దేహమంతయు ఎడమప్రక్కకు దొర్లించి ముక్కు నేలను చూచునట్లు చేసి, ఇంకొకసారి ఆగి, చివరకు కాళ్లు క్రిందికి జార్చి కూర్చుండబెట్టుదురు. ఒక్కొక్క మలుపులో రేణువులు కుల్యలో ఒక్కొక్క అడుగు ముందుకు దొర్లి తుదకు పేటికలో పడును. ఇంజక్షను లేదు, కత్తి లేదు. కొందరికి ఒక్క పర్యాయముతోను, దెబ్బతో వచ్చినవారికి తరచు పలుపర్యాయములతోను నయమగును. అయితే ఒక హెచ్చరిక. తలకు దెబ్బ తగిలినవానికి మెడ ఎముకయు దెబ్బతినియుండ వచ్చును. మెడ క్షేమమని వైద్యుడు నిర్ధారింపకముందు ఈ త్రిప్పుటలు ఇంటివద్ద చేయరాదు. తెలిసినవారు చేయుచున్నట్లు ఫోనులో చూచి చేయుట అంతకన్న కూడదు.

దెబ్బ తరువాతి తలతిరుగుడంతయు ఈ రేణువుల పనియే యనుకొనుటయు పొరపాటే. చెవిని పొదువుకొనిన ఎముక పగిలినప్పుడు, ముఖ్యముగా అడ్డముగా పగిలినప్పుడు, కుల్యలును నాడియు ఛిద్రమై, చెవినుండి రక్తము కారి, వినికిడి పోయి, ముఖము ఒకవైపు వంకరపోయి, దినములకొలది ఎడతెగక లోకము తిరుగును. తల వేగముగా విసరబడి చటుక్కున ఆగినప్పుడు మెదడులోని నాడీతంతువులు సాగి అక్కడక్కడ తెగును. మస్తిష్కకాండములోను అనుమస్తిష్కములోను ఇట్లు జరిగినవాడు గిర్రున తిరుగుచున్నదని చెప్పడు, పడవలో నిలుచున్నట్లున్నదనును, త్రాగినవానివలె కాళ్లు ఎడముగా వేయును. దెబ్బ తరువాత పార్శ్వపు తలనొప్పి మొదలై దానితోబాటు తలతిరుగుడు వచ్చువారును కలరు. చాలదినములు మంచమునబడి లేచినవానికి నిలుచుండగానే రక్తపుపోటు జారి కన్నులు చీకట్లు క్రమ్మును. అది చెవి జబ్బు కానేకాదు. ఫిట్సు రాకుండుటకై ఇచ్చు ఫెనిటోయిన్ మోతాదు రక్తములో హెచ్చినను మనిషి తూలును, కన్నులు అదరును. దీనిని ఎవ్వరును తమంతట మానరాదు, ఫిట్సు వచ్చు ప్రమాదము కలదు. వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఇక తలనొప్పి గంటగంటకు పెరుగుట, మాటిమాటికి వాంతులగుట, మగత, ఒక కంటిపాప పెద్దదగుట, ఫిట్సు, ముక్కునుండిగాని చెవినుండిగాని తేటనీరు కారుట, వీనిలో ఏది కనబడినను తలతిరుగుడు సంగతి మరచి ఆ రాత్రియే పెద్దాసుపత్రికి తరలింపవలెను.

చీకటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది, ఇది గనుల ప్రాంతము గనుక. ముందు చెప్పిన మూడు సాక్ష్యములలో ఒకటి చెడినను మిగిలిన రెంటితో మనిషి నెట్టుకొనివచ్చును. లోచెవి దెబ్బతిన్నవాడు పగటివేళ, సమమైన నేలమీద, కన్నుల ఊతతో చక్కగా నడచును, చూచినవారు బాగైనాడందురు. అతడే సాయంకాలము తొట్టివద్ద నిలిచి ముఖమున నీళ్లు చల్లుకొనుటకు కన్నులు మూసినంతనే ముందుకు తూలును. పాదములు రెండును చేర్చి కన్నులు మూసికొనుమని జర్మను వైద్యుడు రోంబర్గ్ పందొమ్మిదవ శతాబ్దమున చెప్పిన పరీక్ష నేటికిని నాడీవైద్యులందరు చేయుచున్నదే. ఇట్టివానిని టోపీకి బిగించిన దీపపు వెలుగు తప్ప వేరు వెలుగు లేని గనిలోనికి దింపినప్పుడు ఏమగునో ఊహింపవచ్చును. కన్నులకు కనబడునది ఆ దీపపు వలయమంత. పాదముల క్రింద బురదయో, పట్టాలో, పల్లమువైపు వాలిన నేలయో. రెండు సాక్ష్యములు తెగినవి, మూడవది ముందే చెడినది. పైన ఎండలో సరిగా నడచుచున్నాడు గదా యని అతనిని పనికి అర్హుడని నిర్ణయించుట న్యాయము కాదు. ఓపెన్‌కాస్టులో రాత్రిషిఫ్టున డంపరు నిచ్చెన దిగువానికిని, తెల్లవారకముందే తాడిచెట్టు ఎక్కువానికిని ఇదే వర్తించును. గీతకార్మికులకై 2024లో కాటమయ్య పేరుతో ప్రభుత్వము ప్రవేశపెట్టిన రక్షణసామగ్రి పట్టు తప్పినవానిని నేలబడకుండ ఆపును. పైకి చూచినంతనే తలతిరుగువాడు, ఆ సామగ్రి ఉన్నను, నయమగువరకు చెట్టెక్కకుండుటయే మేలు.

కొందరికి వింతయైన మరియొక బాధ మిగులును. చెవి కోలుకొనును గాని, ఆ నడుమ కన్నులమీదనే ఆధారపడుటకు అలవాటుపడిన మెదడు ఆ అలవాటును విడువదు. అప్పుడు కదలుచున్న దృశ్యము ఎదుటబడినంతనే తానే కదలుచున్నట్లు తోచును. బొగ్గు మోసికొనిపోవు కన్వేయరు బెల్టు ప్రక్కన నిలువలేడు. సంతలోని జనసమ్మర్దమున గోడను పట్టుకొనును. మేడారము జాతర కిక్కిరింత అతనికి దుర్భరము. 2017లో బారనీ పేరుగల అంతర్జాతీయ వైద్యసంఘము దీనికి లక్షణములను నిర్ణయించి, ఇది వెర్రియు కాదు, నటనయు కాదు, మెదడు పనితీరులోని మార్పు అని ప్రకటించినది. చికిత్స గలదు, అది నెలల పని.

నయమగు దారిని గూర్చి మన ఇండ్లలో ఒక గాఢమైన నమ్మకము కలదు: తల దెబ్బ తిన్నవాడు కదలరాదు. తొలి ఒకటి రెండు దినములకు ఈ మాట సరియైనదే. ఆ పిమ్మట చీకటిగదిలో పండుకొనబెట్టి, కదలనీయక, తలతిరుగుడు మాత్రలను నెలలకొలది మ్రింగించుట మేలుకు బదులు కీడు చేయును. ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్ వంటివి చెవి పంపు వార్తలనే మొద్దుబార్చును గనుక వాంతులు ఆపుటకు తొలి కొన్ని దినములు పనికివచ్చును. కాని రెండు చెవుల వార్తలలోని వ్యత్యాసమును మెదడు తానే గ్రహించి సరిదిద్దుకొనవలెనన్న, ఆ వ్యత్యాసము దానికి తెలియవలెను గదా! కదలికయే దాని పాఠము. ఈ సంగతిని రెండవ ప్రపంచ యుద్ధకాలమున తలకు దెబ్బతిన్నవారిని చూచిన లండన్ వైద్యులు కాథోర్న్, కుక్సీ చక్కగా పట్టుకొనిరి. వారు రోగులను మంచములనుండి లేపి, గుంపులుగా చేర్చి, మొదట కన్నులను మాత్రము, తరువాత తలను, తరువాత కూర్చుండి లేచుటను, చివరకు వాలునేలపై నడచుటను, బంతి విసరి పట్టుకొనుటను, కొన్ని కన్నులు మూసికొనియు, క్రమక్రమముగా చేయించిరి. తలతిరుగుడు కలుగు భంగిమలను తప్పించుకొనుటకు బదులు వెదకి చేయవలెనని వారు బోధించిరి.

ఆ వ్యాయామములలో మొదటిదానిని చేయుటకు బొటనవ్రేలు చాలును. చేయి చాచి బొటనవ్రేలి గోరుమీద చూపు నిలిపి, తలను కుడియెడమలకు, గోరు మసకబారనంత వేగముగా త్రిప్పవలెను. తొలుత నిమిషము, దినమునకు మూడు నాలుగు పర్యాయములు. కొంత కళవళము కలుగును. అది కొద్దిసేపటిలో తగ్గినచో మోతాదు సరిపోయినట్లు, గంటలకొలది నిలిచినచో ఎక్కువైనట్లు. పిదప పాదములు చేర్చి నిలుచుట, ఒక పాదము మడమకు రెండవ పాదపు వ్రేళ్లు తాకించి గోడవెంబడి నడచుట, పరుపుమీద నిలిచి కన్నులు మూసికొనుట వచ్చును. చివరివి చేయునప్పుడు ప్రక్కన ఒకరు చేయందించుటకు సిద్ధముగా ఉండవలెను. ఇవి నేర్పుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు, ఓపిక గల ఫిజియోథెరపిస్టు కావలెను. 2022లో కొత్తగూడెమునను, 2023లో ఖమ్మమునను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. హైదరాబాదులో కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రియు, పంజగుట్టలోని నిమ్సును ఉండనే యున్నవి. తలగాయమునకు చికిత్స పొంది వెడలు ప్రతి మనిషిని ఒక్కమారు మంచముమీద వెనుకకు వాల్చి కన్నులను చూచు అలవాటు ఈ ఆసుపత్రులన్నిటను పాదుకొనవలెనని నా గాఢమైన కోరిక. దానికి పట్టునది ఐదు నిమిషములు.

ఆ ఐదు నిమిషములు దొరకనివాని గతి యెట్లుండునో కాలనీలలో అందరును ఎరుగుదురు. తూలుచు డ్యూటీకి వచ్చినవానిని చూచి సర్దారు, ‘ఏమయ్యా, పొద్దుగాల్నే తాగొచ్చినవా?’ అనును. సమాధానము చెప్పిన కొలది నవ్వు. ఇంటివద్ద భార్య, ‘అంత బాగనే ఉంటివి గద, పనిలకు పొమ్మంటెనే కండ్లు తిరుగుతయా?’ అని విసిగి, తరువాత తానే ఏడ్చును. నాగాలు పెరిగి జీతము తగ్గును. పడుదునేమో అను భయముచే మెడను బిగబట్టి నడచి నడచి మెడనొప్పి తెచ్చుకొనును, నలుగురిలోనికి పోవుట మానును, మనస్సు క్రుంగును, క్రుంగిన మనస్సు తలతిరుగుడును ఇనుమడింపజేయును. ఈ చక్రము ఎచ్చటనో ఒకచోట తెగవలెను గదా. అతడు చెప్పునది నిజమని ఇంటివారు, పనివారు మొదట నమ్ముటతోనే అది తెగుట ప్రారంభమగునని తలగాయపు రోగులను చూచు వైద్యులు చెప్పుదురు.

దెబ్బ తగులకుండ చూచుకొనుట అన్నిటికంటె మేలని వేరుగ చెప్పనక్కరలేదు. మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను ముందు కూర్చున్నవానికే గాక వెనుక కూర్చున్నవానికిని హెల్మెటు విధించుచున్నది; గడ్డము క్రింది పట్టీ బిగింపని హెల్మెటు తలకన్న ముందు రోడ్డుమీద పడును.

నయమైన పిమ్మట రేణువులు మరల జారవచ్చును, ముందే చెప్పితిని. మొదటి సంవత్సరములో ఇది ఎక్కువ. కొరియా దేశమున జరిగి 2020లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఈ జబ్బు నయమైన వారిలో విటమిన్ డి తక్కువగా ఉన్నవారికి దానిని కాల్షియముతో కలిపి ఇయ్యగా, సంవత్సరములో జబ్బు తిరిగి వచ్చుట సుమారు 24 శాతము తగ్గినది. ఆ పరిశోధన తలగాయపు రోగులను ఉద్దేశించి చేసినది కాదు. అయినను ఎండపొడ సోకక ఏండ్లకొలది భూగర్భములో పనిచేసినవానికి విటమిన్ డి రక్తపరీక్ష ఒక్కమారు చేయించుట ఉచితమనియే నేను తలంచెదను. రెండవ సంగతి ఇంకను సులభమైనది. పరీక్ష చేసిన వైద్యుని అడిగి, దోషము కుడిచెవిదా ఎడమచెవిదా, ఏ కుల్యది, ఎన్నిమారులు త్రిప్పిన పిదప తగ్గినది, ఈ మూడింటిని ఓపీ చీటీమీద తెలుగులోనే వ్రాయించుకొని, స్కానింగు కవరులో దాచుకొనవలెను. ఆరునెలల తరువాత వేరొక ఊరిలో, వేరొక వైద్యుని ఎదుట, మొదటినుండి కథయంతయు చెప్పుకొనుటకు బదులు ఆ చీటీ చూపిన చాలును.